మేనేజరుగారి సొంత ఊపిరి

పదకొండుంపావు. నొక్కు, వదులు, ఒకటి రెండు మూడు నాలుగు అయిదు, మళ్ళీ నొక్కు. నిమ్మకాయంత రబ్బరు సంచి ఒకటి చిన్నడాక్టరు గుప్పిట్లో ముడుచుకుంటోంది, విప్పుకుంటోంది. సంచికి ఇటువైపు బుసలు కొడుతున్న ఆక్సిజన్ సిలిండరు, అటువైపు నోట్లోకి పోయే సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర బల్ల మీద తువ్వాలు పరుచుకుని పడుకున్న మేనేజరుగారు. మేనేజరుగారంటే తాబేలు. బరువు రెండు కిలోల మూడువందల గ్రాములు, వయసు ఎవరికీ తెలియదు. వీధి చివర ఇస్త్రీ దుకాణం ఆయన పెంచుకుంటున్నది. పొద్దస్తమానం దుకాణం మధ్యలో కూర్చుని అందరి పనీ చూస్తూ తను ఏ పనీ చేయదు కనక ఆ పేరు వచ్చిందట. చెవి దగ్గర గోలీ అంత గడ్డ లేస్తే తీయించడానికి పొద్దున్న తీసుకొచ్చాడు. గడ్డ తీయడం అయిపోయింది, పదంటే పది నిమిషాలు, ఎండిన సబ్బుముక్కలా మొత్తం ఊడొచ్చింది, కుట్టు కూడా అందంగా పడింది. ఏమాటకామాటే, గడ్డ తీయడంలో ఆమె చేతికి పేరు పెట్టేవాళ్ళు లేరు. కానీ మత్తు దిగలేదు. విరుగుడు సూది ఇచ్చి పావుగంటైంది, మేనేజరుగారు తనంతట తాను ఒక్క ఊపిరి తీయలేదు. మెడ పక్కన అతికించిన చిన్న యంత్రంలోంచి గుండె మాత్రం హుష్షు... హుష్షు... అంటోంది, అన్నాక మళ్ళీ అంటుందా అనదా అన్నంత సేపు ఆగుతోంది. పన్నెండింటికి ఇస్త్రీ ఆయన వస్తాడు. వచ్చి ఎత్తుకుపోతానంటాడు. నొక్కు, వదులు, ఒకటి రెండు మూడు.

తప్పు నాది, తప్పు నాది కాదు, ఎందుకు కాదు, ముమ్మాటికీ నాదే, నాలుగు అయిదు, నొక్కు. పక్కన స్టీలు ట్రేలో కత్తెరల మధ్య ఫోను వెలుగుతూనే ఉంది. అందులో మందుల గైడు, పశువుల డాక్టర్ల కోసం చేసింది, ఏ జంతువుకి ఏ మందు ఎంత అన్నీ అందులోనే. ఆవు అని కొడితే ఆవు, చిలక అని కొడితే చిలక. ఆమె దాన్ని నాలుగేళ్ళుగా వాడుతోంది, నాలుగేళ్ళుగా దొంగచాటుగానే వాడుతోంది. జంతువుని తెచ్చినవాళ్ళ ఎదుట డాక్టరు ఫోను చూస్తే వాళ్ళ మొహాలు ఎలా మారతాయో ఆమెకు తెలుసు, కొందరు ఈవిడ ఎవరికో మెసేజీలు కొట్టుకుంటోందనుకుంటారు, కొందరు ఈవిడకేమీ రాదనుకుంటారు, రెండోదే ప్రాణం తీస్తుంది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. 'ఒక్క నిమిషం, దూది తెస్తాను' అని లోపలి గదిలోకి పోవడం, మందుల బీరువా తలుపు చాటున నిలబడి ఫోను తీయడం, జంతువు పేరు, మందు పేరు, కిలోకి ఎంత, ఆ అంకె బుర్రలో పెట్టుకుని, దూది పట్టుకుని బయటకి రావడం. ఈ ఆసుపత్రిలో దూదికి ఎప్పుడూ కరువు లేదు. అన్ని బల్లల మీదా దూది కట్టలే. నర్సు ఒకసారి అడిగింది కూడా, మీకు దూదంటే అంత ఇష్టమా అని. ఇవాళ నర్సు కూడా లేదు, సెలవు పెట్టింది, ఉంటే ఈ సంచి నొక్కడానికి ఇంకో చెయ్యి ఉండేది. ఒకటి రెండు.

అసలు దీనికంతటికీ మూలం ఆ పాడి రైతు. అప్పుడామెకి ఇరవై నాలుగు, చదువై ఇంకా సిరా ఆరలేదు, మావయ్య వెంట తిరిగే రోజులు. మావయ్యంటే మేనమామ, ఈ ఆసుపత్రి పెట్టినాయన, అందరికీ పెద్దడాక్టరు. ఆయన ఉన్నాడు కనక ఆమె చిన్నడాక్టరు. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా, తలలో తెల్లవెంట్రుకలొచ్చినా ఆ చిన్న పోలేదు. కొట్టంలో ఈనలేక పడిపోయిన ఆవు ముందు కూర్చుని మావయ్య సంచీలోంచి మందుల పుస్తకం తీసి పేజీలు తిప్పుతుంటే ఆ రైతు పకపకా నవ్వి, ఆమె వైపు తిరిగి, చూసి రాసే పరీక్షా అమ్మా ఇది అన్నాడు. ఆమెకు చెవుల దాకా ఎర్రబడింది. మావయ్య మాత్రం తొణకలేదు. డాక్టరు పుస్తకం చూస్తే భయపడకండి, చూడకపోతే భయపడండి అన్నాడు. ఆవు బతికింది, దూడా బతికింది, రైతు దణ్ణం పెట్టాడు. కానీ ఆమె బుర్రలో మిగిలింది ఆవు కాదు, దూడ కాదు, ఆ పకపక. ఇరవై నాలుగేళ్ళుగా ఆ పకపకకి భయపడి బీరువా చాటున చదువుకుంటోంది. తలుపు చాటున చదివే చదువు ఎంతసేపు సాగుతుంది, అంకె దొరకగానే ఫోను జేబులోకి పోతుంది, అంకె కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు.

పొద్దున్న అదే జరిగింది. ఇస్త్రీ ఆయన మేనేజరుగారిని ఉతికిన తువ్వాల్లో చుట్టి తెచ్చాడు, తువ్వాలుకి కూడా మడత నలగకుండా ఇస్త్రీ ఉంది. మాటల మనిషి కాదు. బల్ల మీద దించి, తాబేలు వీపు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, 'ఇంట్లో నా మాట వినేది వీడొక్కడే డాక్టరుగారూ. మీరేం చేసినా చూసే చేస్తారు' అన్నాడు. చూసే చేస్తారు. ఆ మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుతోంది. ఆయన వెళ్ళాక దూది నెపం కూడా అక్కర్లేదు, ఎదుట ఎవరూ లేరు, అయినా అలవాటు కొద్దీ బీరువా దగ్గరకే పోయింది, అంకె చూసింది, రెండు మత్తుమందులు కలిపి సిరంజిలో ఎక్కించింది, వెనక తొడకి పొడిచింది. ఇరవై నాలుగేళ్ళుగా కుక్కలకీ ఆవులకీ గొర్రెలకీ వెనక తొడకే కదా పొడిచింది. చెయ్యి దానంతట అదే వెనక్కి పోతుంది. దాన్నే అలవాటులో పొరపాటు అంటారు. ఇరవై నిమిషాలైనా మేనేజరుగారు పడుకోలేదు, తాపీగా బల్లంతా పర్యవేక్షిస్తూ తిరిగారు. మళ్ళీ చూసింది, అవసరమైతే ఇంకోసారి ఇవ్వవచ్చు అని ఉంది, అది కూడా సగం వాక్యమే చదివింది. పొడిచినచోటే మళ్ళీ ఎందుకని ఈసారి ముందుకాలికి ఇచ్చింది. అంతే, తల వాలిపోయింది. గడ్డ తీశాక, వివరాలు రాసుకుందామని ఫోను తీస్తే అప్పుడు కనబడింది, అంకెకి సరిగ్గా కిందనే. తాబేలుకి ముందుకాలికే ఇవ్వాలి. వెనక ఇస్తే మందు ముందుగా మూత్రపిండాల దారిన పోయి సరిగా పనిచేయకపోవచ్చు. అంటే మొదటి సూది సగం దారిలో చిక్కుకుంది, ఆ చిక్కుకున్నది రెండోదానితో చేతులు కలిపింది. విరుగుడు ఉన్నది ఇచ్చిన రెండు మందుల్లో ఒకదానికే, రెండోది దాని ఇష్టమొచ్చినప్పుడు దిగాలి. అప్పట్నించీ నొక్కుతూనే ఉంది.

పదకొండున్నర. పోతే ఏమని చెప్పాలి. పెద్ద వయసు కదండీ, గుండె తట్టుకోలేదు అనొచ్చు. నమ్ముతాడు. కాదనడానికి ఆయనకేం తెలుసు. మత్తు అందరికీ పడదండీ అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు, అబద్ధం కాని అబద్ధాలు ఎన్ని ఉన్నాయో ఈ వృత్తిలో, ఇన్నేళ్ళలో ఎన్ని విన్నదీ, తను ఎన్ని చెప్పిందీ, చెప్పలేదు, ఒక్కటి చెప్పింది, ఒకప్పుడు తన చేతిలో పోయిన పిల్లి విషయంలో, అది వేరు, కాదు వేరు కాదు, మూడు నాలుగు అయిదు నొక్కు. ఆయన అరచెయ్యి వేడిగా ఉంటుంది. ఇస్త్రీపెట్టె పట్టే చెయ్యి కదా. మేనేజరుగారు ఆ వేడికే ఆయన కాళ్ళ దగ్గర చేరతాడట, బట్టల మూట పక్కన. వేడి అనగానే గుర్తొచ్చి ఎడం చేత్తో వేడినీళ్ళ సీసా తడిమి చూసింది, ఉంది, బాగానే ఉంది, తువ్వాలు కింద వెచ్చగానే ఉంది. ఇంకేం చేయాలి, చేయగలిగినదంతా చేస్తున్నాను కదా, ఊపిరి పోస్తున్నాను, స్వచ్ఛమైన ఆక్సిజన్ పోస్తున్నాను, గుండె కొట్టుకుంటోంది, లేవడానికేం, లేవవయ్యా మేనేజరూ, నీ పుణ్యం ఉంటుంది. గుప్పిట నొప్పి పుడుతోంది. నొప్పి పుట్టనీ, ఇది నాకు పడాల్సిందే.

గుమ్మం దగ్గర కుర్చీలో మావయ్య కదిలాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా పడిపోయాక కూడా ఆయన రోజూ ఆసుపత్రికి వస్తాడు, తెల్లకోటు వేయించుకుని మరీ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటాడు. ఏమీ చేయడు, చూస్తాడు. ఇవాళ పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. వెనక తొడకి పొడిచినప్పుడు చూశాడో లేదో, చూసినా ఆయనకి ఆవులూ గేదెలే కాని తాబేళ్ళ సంగతేం తెలుసు అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది. ఇప్పుడు పెదవి ఒకవైపు వంకర తిరిగి, గొంతులో ఏదో పెనుగులాడుతూ, 'చ... చ...' అంటున్నాడు. 'చలా మావయ్యా? ఫ్యాను తీసేయనా? చెమటా?' కాదన్నట్టు ఎడం చేత్తో కుర్చీ చెయ్యి మీద ఒక్కటి వేశాడు. 'చచ్చిపోలేదులే, గుండె ఉంది, వినపడట్లే?' మళ్ళీ ఒక్కటి వేశాడు. ఇది రోజూ ఉండేదే. ఆయన మొదటి అక్షరం అనగానే ఆమె మిగతా మాట అందిస్తుంది, తప్పయితే ఇంకోటి, అదీ తప్పయితే ఇంకోటి, ఏదో ఒకదానికి ఆయన విసిగి సరే అంటాడు. మాటలు నేర్పే ఆవిడ వారానికోసారి వచ్చి మొత్తుకుంటుంది, ఆయన మాట ఆయన్ని పూర్తి చేయనివ్వండమ్మా, మీరందిస్తుంటే ఆయనకి అవసరమేముంది అని. విన్నట్టే విని వదిలేస్తుంది. మనసొప్పదు. అంత పెద్ద గొంతు, కొట్టం అవతలి నుంచి పిలిస్తే ఎద్దులు తల తిప్పే గొంతు, ఒక్క మాట కోసం అలా కొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరి తరం. కానీ ఇప్పుడు నోరు ఖాళీ లేదు, అంకెలు లెక్కపెడుతోంది, మూడు, నాలుగు, అందుకని అందించలేదు. అయిదు, నొక్కు. ఒకటి, రెండు. ఆయన పెనుగులాడాడు, పెనుగులాడాడు, ముఖం ఎర్రబడింది, అప్పుడు వచ్చింది ఆ మాట, నానిన తలుపు తెరుచుకున్నట్టు.

'చదువు.'

చదివాను మావయ్యా అంది. అంది కాని ఆయన కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఉంటుందే, అది మందులో సగం అనేవాడు, చిరిగినా నలిగినా ఆ కాగితాలన్నీ దాచేవాడు, రాత్రి భోజనాలయ్యాక అత్తయ్య తిడుతున్నా వాటిని చివరి గీత దాకా చదివేవాడు. ఆయనకి తాబేళ్ళ గురించి తెలియకపోవచ్చు. మేనకోడలి గురించి తెలుసు. ఆమె దేన్ని ఎక్కడ ఆపేస్తుందో ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. 'కిందికి' అన్నాడు, ఈసారి ఇంకొంచెం తొందరగా. చూడాలంటే భయమేసింది. ఇంకో తప్పు కనబడితే ఏం చేస్తావు, ఒకటి మోయడానికే చేతులు చాలడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. అయినా ఎడం బొటనవేలు తెర మీద పెట్టి పైకి తోసింది, అంకె పోయింది, ముందుకాలు పోయింది, బరువు లెక్క పోయింది, అక్కడ ఎప్పుడూ దిగని లోతులో మెలకువ అని ఒక భాగం. ఆయనకి వినబడేలా పైకి చదివింది. ఎవరి ఎదుటైనా ఫోను చూసి గట్టిగా చదవడం ఆమెకిదే మొదటిసారి. మెలకువ దశలో ఆక్సిజన్ వద్దు. గదిలోని మామూలు గాలి వాడండి. ఊపిరులు తగ్గించండి, నిమిషానికి ఒకటి రెండు చాలు. తాబేలుకి ఒంట్లో గాలి కరువైనప్పుడే తనంతట తాను పీల్చాలనిపిస్తుంది. అతిగా అందిస్తే ఆ అవసరం తెలియక లేవడం ఆలస్యమవుతుంది.

చెయ్యి ఆగలేదు. ఒకటి రెండు మూడు నాలుగు అయిదు, అది కుక్క లెక్క. కుక్కకి అలా నొక్కాలి, ఆ చెయ్యి కుక్క చెయ్యి, పొద్దుటి నుంచీ కుక్క చేతులతోనే తాబేలుకి వైద్యం చేస్తోంది. అరగంట నుంచి తను పోస్తున్నది ప్రాణం కాదన్నమాట, నిద్ర. అడక్కుండానే గాలి వచ్చి పడుతుంటే ఆయనకేం పట్టింది లేవడానికి, పేరే మేనేజరాయె. చదివింది, అర్థమైంది, అయినా వేళ్ళు విప్పుకోవడం లేదు. ఆపితే? ఆపినప్పుడే పోతే? నొక్కుతూ ఉండగా పోతే ప్రయత్నం చేశాననైనా ఉంటుంది, ఆపాక పోతే చంపినట్టే కదా. మావయ్య వైపు చూసింది. ఆయన ఎడం అరచెయ్యి ఎత్తి గాలిలో అలా ఉంచాడు, ఈనే ఆవు దగ్గర కంగారు పడే మనుషుల్ని వెనక్కి ఉండమన్నప్పటి చెయ్యి. సిలిండరు మర తిప్పేసింది. బుస ఆగింది. గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకు తెలియదు. సంచిని సిలిండరు నుంచి ఊడదీసి, మామూలు గాలితో ఒక్కసారి నొక్కి, బల్ల మీద పెట్టేసింది.

పన్నెండుకి ఇరవై. నిమిషమంటే ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. హుష్షు. చేతులకి పని లేకపోతే బుర్రకి కాళ్ళొస్తాయి. హుష్షు. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు, ఆయనేనా, కాదు, ఇంకా టైముంది, పాలవాడో పేపరువాడో. నిమిషం. ఒక్కటి నొక్కింది, పెట్టేసింది. మాటలు నేర్పే ఆవిడ చెప్పింది ఇదే కదా. ఇదే మాట. రెండేళ్ళుగా వారం వారం చెబుతోంది. ప్రేమ కొద్దీ మాటలందించి మావయ్య నోరు నేనే మూశానా, అయ్యో మావయ్యా, నువ్వైనా చెప్పలేదే, ఎలా చెబుతావు, చెప్పబోతే అది కూడా నేనే అందించానాయె. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి రావడం వల్ల ముక్కు కారింది, తుడుచుకోవడానికి చుట్టూ చూస్తే దూది. రెండో నిమిషం. నిదానమే ప్రధానం అని ఏ మహానుభావుడన్నాడో కాని ఆయనెప్పుడూ తాబేలుకి మత్తిచ్చి ఉండడు. ఆ గైడు వాళ్ళకి ఉత్తరం రాయాలి, కింద మీ అభిప్రాయం చెప్పండి అని ఉంటుంది, ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకోలేదు. అయ్యా, మీ అంకె బాగుంది, అంకె కింద రాసింది ఇంకా బాగుంది, కాని నాబోటివాళ్ళు అంకె దగ్గరే బస్సు దిగిపోతారు, కనక ముందుకాలు సంగతి అంకెకి పైన పెట్టండి, ఇలా అడగడానికి కారణమేమిటంటే, కారణం రాయాలా, రాయాలి, నేను ఫలానా రోజున ఫలానా తాబేలుకి వెనక కాలికి ఇచ్చాను. పేరు పెట్టి రాయాలి. రాస్తే ఎక్కడో ఇంకో బీరువా చాటున నిలబడ్డ ఇంకో డాక్టరు చెయ్యి ఆగుతుంది. మూడో నిమిషం. నొక్కాలా, ఆగాలా. నొక్కింది. పెట్టేసింది. నాలుగు.

ముందుకాళ్ళు కదిలాయి. కదిలాయా? బల్ల తగిలిందేమో. తాబేలు కాళ్ళు చాపితే డొక్కలోకి గాలి వస్తుంది, ముడిస్తే పోతుంది, అది దాని ఊపిరి, ఈ సంగతి పరీక్షలో రాసి పదికి తొమ్మిది తెచ్చుకుంది కాని కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ కదిలాయి. రెండూ ఒకేసారి, బద్ధకంగా, సోమవారం పొద్దున్న ఉద్యోగానికి బయలుదేరే మనిషిలా, బయటకి వచ్చాయి, గొంతు కింద చర్మం లోపలికి పోయింది, పొంగింది. సంచి ఆమె చేతిలో లేదు. సంచి బల్ల మీదే ఉంది. ఎవరూ నొక్కలేదు. 'మావయ్యా' అంది. మేనేజరుగారు అర నిమిషం ఆలోచించి ఇంకొకటి తీశారు. తర్వాత గొట్టం నచ్చక దవడ కదిపారు. గొట్టం తీసేసింది, వెనక కాలు గిల్లితే లోపలికి లాక్కున్నారు, ఆ లాక్కోవడం ఎంత ముద్దొచ్చిందంటే మళ్ళీ గిల్లింది. గుమ్మంలో మావయ్య సగం నోటితో నవ్వుతున్నాడు. 'బా...' అన్నాడు. బాగుందా, బాధా, బాత్రూమా, ఆమె నాలిక చివర మూడు మాటలు వరసగా నిలబడ్డాయి. పళ్ళు బిగించి ఊరుకుంది. వాటిని ఊరుకోబెట్టడం సంచి వదలడం కన్నా కష్టంగా ఉంది. ఆయన తీరిగ్గా ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టి, 'బాగా చదివావ్' అన్నాడు. రెండు మాటలు. రెండేళ్ళలో ఆయన సొంతంగా కలిపిన మొదటి రెండు మాటలు.

ఇస్త్రీ ఆయన పన్నెండుకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చాడు. మేనేజరుగారు కళ్ళు సగం తెరిచి, మెడ బల్ల మీద ఆనించి, తాగి పడుకున్న పెద్దమనిషిలా ఉన్నారు. ఆయన వంగి వీపు మీద అరచెయ్యి పెట్టి, గడ్డ ఉన్నచోట కుట్టు చూసి, నెమ్మదిగా తల ఊపాడు. ఇక్కడితో అయిపోతుంది. మత్తు ఇంకా ఉందండీ, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుదాం అంటే చాలు, దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. బతికింది కదా, ఇంక చెప్పడమెందుకు, చెప్పి ఆయన నమ్మకం చెడగొట్టడమెందుకు, ఆ పకపక మళ్ళీ వినడమెందుకు. ఇంత చిన్న ఊపిరికి ఇంత పెద్ద గంట పట్టిందని ఆయనకి తెలియదు. ఆమె కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమంది. తనూ కూర్చుంది. అన్నీ చెప్పింది, దూది దగ్గర నుంచి, వెనక కాలు, రెండో సూది, కుక్క లెక్క, అరగంట. ఏదీ సర్దలేదు. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి తాబేలు వీపు మీదే ఉంది, చెప్పడం అయిపోయాక మాత్రం ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

'పోయేదా?' అన్నాడు.

'పోయి ఉండేదేమో.'

'మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?'

'తెలిసేది కాదు.'

ఆయన ఆమె ముఖం వైపు చూడలేదు. లేచాడు. కిటికీ దాకా వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు, ఎంతసేపో. కోపంగా ఉందని వీపు చూస్తేనే తెలుస్తోంది, ఆ కోపం న్యాయమే, ఆమె దానికి ఏ మాటా అందించలేదు. చివరికి ఆయన వెనక్కి వచ్చి, నలిగిన తువ్వాలు అంచు చేత్తో సాపు చేసి, కుట్టు మళ్ళీ ఎప్పుడు చూపించాలని అడిగాడు. ఎల్లుండి అని చెప్పింది ఆమె. మత్తు పూర్తిగా దిగాక సాయంత్రం వచ్చి ఎత్తుకెళ్తానన్నాడు, ఎల్లుండి ఆయనకి దుకాణం సెలవట, పొద్దున్నే మళ్ళీ తీసుకొస్తానన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు.

'మీరే ఉంటారుగా?'